కాజాలత్త కనిపెట్టు ప్రార్థన

టైర్ల షాపు మీద మేడగదిలో ఉండేది ఆ మందిరం. కిందనుంచి రబ్బరు వాసన, పైన కొవ్వొత్తుల వాసన. కొత్తగా వచ్చినవాళ్లు ముక్కు చిట్లించేవారు, అలవాటు పడ్డవాళ్లకు ఆ రెండూ కలిస్తేనే ప్రార్థన చేసినట్టు ఉండేది. చిన్న సంఘమే గానీ మంచి సంఘం. ఒకరి ఇంట్లో దగ్గు వినిపిస్తే పది ఇళ్లనుంచి మందు వచ్చేది. జరిగినదంతా ఆ మంచితనం వల్లనే జరిగింది. చెడ్డవాళ్లు మీదకొస్తే తలుపు వేసుకుంటాం, మంచివాళ్లు చేతులు చాచుకుని వస్తుంటే ఎవరు మాత్రం గడియ పెడతారు?

ఆ సంఘంలో కాజాలత్త అని ఒకావిడ ఉండేది. చొక్కాకు గుండీ దూరే కన్నం ఉంటుంది చూడండి, దాని చుట్టూ దారంతో అంచు కుట్టడాన్ని కాజా తీయడం అంటారు. జీవితమంతా అదే పని చేసి ఆవిడ అసలు పేరు ఆవిడకే పరాయిదైపోయింది. కోడలు మిషను మీద చొక్కా కుట్టి ఒళ్లో పడేస్తే, అత్త కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని కాజాలు తీసి గుండీలు కుట్టేది. వీధివైపు గది దుకాణం, వెనక గది ఇల్లు. కోడలిది పొదుపు నోరు, అత్తది వాగుడుకాయ నోరు. "మా ఇంట్లో ఇద్దరికీ సరిపడా మాటలే ఉన్నాయమ్మా, పంపకంలో నాకు కాస్త ఎక్కువొచ్చింది" అని నవ్వేది కాజాలత్త. ఇద్దరి మధ్యా మనవరాలు. గెంతడం, కిచకిచలాడటం తప్ప మరో పని తెలియని పిల్ల కనుక దాన్ని పిచ్చుక అని పిలిచేవారు.

ఆ ఇంటికి మగదిక్కు లేదు. ఉన్న ఒక్క కొడుకూ, పిచ్చుక ఇంకా పాకే వయసులో ఉండగా వెళ్లిపోయాడు. దూరాన పని దొరికిందని వీధికి చెప్పారు. వీధి నమ్మింది. నమ్మకపోయినా పైకి అడగరు కదా, లోపల్లోపలే అడుగుతారు.

అసలు సంగతి అత్తకూ కోడలికీ తెలుసు. అరిచే మగవాడితో ఎలాగో వేగవచ్చు, అరిచి అరిచి గొంతు పోయాక అన్నానికి కూర్చుంటాడు. ఇతనికి కోపం వస్తే గొంతు తగ్గేది. మాట వెన్నలా మెత్తబడేది. పెదాల మీదికి చిన్న నవ్వు వచ్చేది. ఒక మధ్యాహ్నం అలాగే నవ్వుతూ, భార్య చెయ్యి పట్టుకుని, చూపుడువేలు మిషను సూది కింద పెట్టి, రెండో చేత్తో చక్రాన్ని నెమ్మదిగా తిప్పాడు. ఏదో పనితనం చూపిస్తున్నవాడిలా తిప్పాడు. కిటికీ దగ్గరనుంచి కాజాలత్త లేచి వచ్చేలోగా సూది గోటిలోంచి దిగి అవతలికి వచ్చేసింది. టైలరు వేలికి సూది దిగడం ఎవరికీ వింత కాదు గనక, "అయ్యో, చూసుకోవాలి కదమ్మా" అని వీధి సరిపెట్టుకుంది. అతను సంచీ సర్దుకుని వెళ్తూ, నేల మీద పాకుతున్న పిల్ల తల నిమిరాడు.

"ఇప్పుడే ఎందుకులే. ఏడ్చే పిల్లని ఎవడు మోస్తాడు? చెప్పిన మాట వినే వయసు రానీ, అప్పుడొచ్చి తీసుకుపోతా."

ఆ మాట కోడలి చెవిలో అప్పటినుంచీ అలాగే ఉండిపోయింది. పిల్లకు ఒక్కో పుట్టినరోజు వస్తుంటే తల్లులు మురిసిపోతారు, ఈ తల్లి మాత్రం ఏడాదికేడాది బెదిరిపోయేది.

ఇక ఆగమన కాలం సంగతి. క్రిస్మసుకు ముందు నాలుగు వారాలు, వారానికొక కొవ్వొత్తి వెలిగిస్తూ ప్రభువు రాకకోసం ఎదురుచూసే రోజులవి. ఈ సంఘంలో దానికి తోడు ఒక పద్ధతి ఉంది. మొదటి కొవ్వొత్తి వెలిగిన రోజున ఏ ఇంటికి ఏది రావాలో ఆ ఇంటివాళ్లు లేచి చెబుతారు. అక్కణ్ణుంచి పండుగ దాకా సంఘమంతా ఆ రాకకోసం కనిపెడుతుంది. కనిపెట్టడమంటే మందిరంలో మాట్లాడే భాషలో దేవుడి వైపు చూస్తూ ఓపిగ్గా ఎదురుచూడటమని అర్థం. ఒకసారి ఎత్తిన ప్రార్థనను పండుగ రాకుండా ఎవరూ దించరు, అది రెండో పద్ధతి.

ఆ ఏడు మొదటి కొవ్వొత్తి వెలిగింది. ముందుగా లేచినవాడు ముందుఆమేను తాత. ఎవరి ప్రార్థనైనా సగంలో ఉండగానే ఆమేన్ అనేయడం ఆయనకు జబ్బు. "నా మోకాలికి సత్తువ రావాలి. ఆమేన్" అని తనది తనే ముగించుకుని కూర్చున్నాడు. ఒకావిడ తన కూతురికి ఉద్యోగం రావాలంది. కాజాలత్త కంటిచూపు గురించి అడుగుదామని లేచింది. దారం సూదిలోకి వెళ్లడం మానేసి చాలాకాలమైంది మరి. లేచి, కొవ్వొత్తి వైపు చూసి, నోరు తెరిచేసరికి వేరే మాట వచ్చింది.

"మా వాడు రావాలి ప్రభువా. నేను పోయేలోగా మా వాడు వచ్చేయాలి."

కోడలి చేతిలో పాటల పుస్తకం టప్పున మూతపడింది.

పాస్టరుగారి కళ్లు చెమ్మగిల్లాయి. "ఇన్నేళ్లకు కొడుకు గురించి నోరు విప్పింది అత్త. అందరం కాజాలత్త కొడుకు కోసం కనిపెడదాం. ప్రతి ఒక్కరూ కనిపెట్టండి" అన్నారు. సంఘమంతా ఆమేన్ అంది. తాత అప్పటికే అనేశాడు.

ఇంటికి వెళ్తూ కోడలు పిచ్చుక చెయ్యి పట్టుకుని రెండడుగులు ముందే నడిచింది.

"ప్రభువు దగ్గరికి రావాలన్నానే. మారి రావాలని. మందిరంలో రావడమంటే అదే కదా" అంది కాజాలత్త.

"ఆ మాట చెప్పలేదుగా అత్తయ్యా."

"చెప్పకపోతే దేవుడికి తెలియదా ఏంటే?"

"దేవుడికి తెలుస్తుంది. జనానికి తెలియొద్దూ?"

నిజం చెప్పాలంటే తను ఏ రాక అడిగిందో కాజాలత్తకే సరిగ్గా తెలియదు. ప్రభువు దగ్గరికి రావాలనే అనుకుంది. కానీ ఆ క్షణంలో కళ్ల ముందు కనిపించింది ప్రభువు కాదు, చిన్నప్పుడు జ్వరంతో తన ఒళ్లో పడుకున్న పిల్లాడు. కడుపు తీపికి మంచీ చెడూ తెలియవు, దానికి చదువు లేదు.

ఆ సంఘంలో కొత్తగా చేరినవాడొకడు ఉన్నాడు. లారీ తోలుతాడు గనక లారీ తమ్ముడు అనేవారు. మనిషి బంగారం. మందిరం భాష మాత్రం ఇంకా పట్టుబడలేదు. "మీ భారమంతా ఇక్కడ దించుకోండి" అని పాస్టరుగారు ఒకసారి అంటే, "లారీ వెనక్కి తీసుకురమ్మంటారా?" అని అడిగి అందరినీ నవ్వించాడు. అతను మర్నాడు చొక్కా గుండీ ఊడిందన్న వంకతో దుకాణానికి వచ్చాడు.

"అత్తా, మీవాడి ఫొటో ఒకటుంటే ఇవ్వు."

"ఎందుకు నాయనా?"

"అదేంటత్తా, పాస్టరుగారు చెప్పారు కదా. మొహం తెలిస్తేనే కదా సరిగ్గా కనిపెట్టగలం."

ఎంత భక్తి పుట్టింది వీడికి, మొహం చూసుకుంటూ ప్రార్థన చేస్తాడట అని కాజాలత్త మురిసిపోయింది. కోడలు దారం కొనడానికి వెళ్లి ఉంది. పెట్టె అడుగునుంచి ఫొటో తీసి ఇచ్చింది. "అందగాడే!" అన్నాడు లారీ తమ్ముడు. ఆ ఒక్క మాటకు ఆవిడ ఆ పూటంతా కూనిరాగాలు తీస్తూ కాజాలు కుట్టింది.

రెండో కొవ్వొత్తి వెలిగిన రోజున సాక్ష్యాలు చెప్పమంటే లారీ తమ్ముడు చెయ్యెత్తాడు. గడ్డం చేసుకుని, తల దువ్వుకుని, పెళ్లికొడుకులా ఉన్నాడు.

"ప్రభువుకు స్తోత్రం. పాస్టరుగారు కనిపెట్టమన్నారు. నేను కనిపెట్టేశాను."

జనం నవ్వారు. "కనిపెట్టేయడం ఏంటి తమ్ముడూ, కనిపెడుతూ ఉండాలి" అన్నారు పాస్టరుగారు.

"ఉండటం ఎందుకండీ, దొరికితేనూ? కాజాలత్త కొడుకు దొరికాడు!"

నవ్వు ఆగిపోయింది. అతను చెప్పుకుపోయాడు. దారిలో లారీలు ఆగే ప్రతి చోటా ఫొటో చూపించాడట. పెట్రోలు బంకుల్లో, టీ బడ్డీల్లో, సరుకు దించే గోదాముల్లో అడిగాడట. చివరికి ఒక గోదాములో కాపలా పనిలో ఉన్నాడట ఆయన.

"అన్నీ చెప్పానండీ. మీ అమ్మకి చూపు తగ్గింది, మీ ఆవిడ అదే దుకాణంలో కుడుతోంది, మీకోసం మా సంఘమంతా కన్నీళ్లు పెట్టుకుంటోంది అన్నాను. పాప ఇంత ఎత్తయింది అని చూపించాను." అరచెయ్యి తన ఛాతీ దగ్గర పెట్టి మళ్లీ చూపించాడు.

"ఏమన్నాడయ్యా?" అన్నారు పాస్టరుగారు.

"ఏమీ అనలేదండీ, నవ్వాడు. భలే మెత్తని మనిషి. చూస్తుండగానే గొంతు ఇంకా మెత్తబడింది. ఒక్కటే అడిగాడు. పాప చెప్పిన మాట వింటుందా అని. భేషుగ్గా వింటుంది, మా సండే స్కూల్లో అంత బుద్ధిమంతురాలు లేదు అని చెప్పాను. పండుగలోపే వస్తానన్నాడు."

స్తోత్రం, స్తోత్రం అంటూ గది అదిరిపోయింది. పిచ్చుక కుర్చీ ఎక్కి, "మా నాన్న దొరికాడా? మా నాన్న దొరికాడా?" అని గెంతింది. ఆడవాళ్లు కాజాలత్తను కావలించుకున్నారు. ఆవిడ చేతులు చల్లబడటం చూసి, "ఆనందం ఎక్కువైంది, నీళ్లివ్వండి" అన్నారు. వాళ్ల భుజాల మధ్యనుంచి కాజాలత్త కోడలి వైపు చూసింది. కోడలు కూతురి నడుం చుట్టూ చెయ్యి వేసి, తలుపు వైపు చూస్తూ కూర్చుంది.

ఆ తరువాత ఆ ఇంటికి సాయం వెల్లువెత్తింది. ఒకాయన వచ్చి వెనక గదికి సున్నం వేశాడు. ఒకావిడ రెండు దిండ్లు తెచ్చింది. ఇంకొకాయన తలుపు గడియ బిగుసుకుపోయిందని చూసి, రాత్రివేళ వస్తే ఆయన ఇబ్బంది పడతాడని నూనె వేసి వదులు చేసి పెట్టాడు. దుకాణం ఫోను నంబరు గోదాముకు అందించింది పాస్టరమ్మగారే. ఫోను మోగడం మొదలైంది. ఎత్తితే అవతల మాట ఉండదు. ఊపిరి ఉంటుంది, పెట్టేస్తారు. మోగినప్పుడల్లా మిషను ఆగేది. ఒకసారి పిచ్చుక పరుగెత్తుకెళ్లి ఎత్తింది. "హలో... ఆ... ఆ... అలాగే" అని పెట్టేసింది.

"ఎవరే? ఏమన్నారే?" కాజాలత్త ఒళ్లోని గుండీలు కింద పోసుకుంటూ లేచింది.

"తెలీదు నానమ్మా. 'ఫోను పెట్టెయ్' అన్నారు. పెట్టేశాను. పెట్టేముందు 'మంచిపిల్లవి' అన్నారు."

ఆ సాయంత్రం కోడలు మిషను మీద గుడ్డ కప్పి, ఎదురుగా వచ్చి కూర్చుంది.

"మనం వెళ్లిపోదామా అత్తయ్యా?"

"ఎక్కడికే? మనకెవరున్నారు? ఇక్కడైతే కనీసం ఈ జనం ఉన్నారు, ఒక కేక వేస్తే వస్తారు."

"ఈ జనమే కదా అత్తయ్యా, ఆయన్ని కేకేస్తున్నది."

కాజాలత్త మర్నాడే మందిరానికి వెళ్లింది. పాస్టరుగారు నిచ్చెన మీద నిలబడి కాగితం నక్షత్రం కడుతున్నారు. నిచ్చెన కింద నిలబడి, "నా ప్రార్థన దించేయండి బాబూ" అంది.

"ఏ ప్రార్థన?"

"మావాడు రావాలన్నది. వద్దు. దించేయండి."

ఆయన నవ్వుతూ దిగివచ్చారు. "చాన్నాళ్లకు వస్తున్నాడు, గుండె దడదడలాడుతుంది, నాకు తెలుసు. మా అమ్మ కూడా నేను ఇంటికి వస్తున్నానంటే ముందురోజు జ్వరం తెచ్చుకునేది. అయినా అత్తా, నేను దించితే దిగేది కాదు. ఏ నోటితో ఎత్తారో ఆ నోటితో, ఎత్తిన చోటే, అందరి ముందూ దించాలి. దించాల్సినంత కష్టం ఏమొచ్చింది చెప్పండి?"

చెప్పాలనే వచ్చింది. పొద్దున లేస్తే పక్కవాళ్ల పిల్లి సంగతి కూడా చెప్పే నోరు అది. కానీ కన్నకొడుకు చేసిన పని చెప్పడానికి ఆ నోరు రాలేదు. "ఏం లేదు బాబూ, కళ్లు తిరుగుతున్నాయి" అనేసి వచ్చేసింది.

మూడో వారం లారీ తమ్ముడు ఒక పొట్లం తెచ్చాడు. "పాపకి ఆయన పంపాడత్తా. గోదాము గేటులో పెట్టి వెళ్లాడట. పని కూడా మానేశాడట, మీ దగ్గరికి వచ్చేయడానికి." విప్పితే నీలం గౌను. పిచ్చుక అప్పటికప్పుడు తొడుక్కుని గిరగిర తిరిగింది. కాజాలత్తకు కూడా ఒక్క క్షణం ముచ్చటేసింది. కోడలు మాత్రం కూతుర్ని దగ్గరకు లాక్కుని, భుజం దగ్గర వేలు పెట్టి చూసింది, నడుం దగ్గర చూసింది, చంక కింద చూసింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమైందే?"

"లారీ అన్న ఎత్తు చూపించాడు సరే. భుజం కొలత ఎవరు చెప్పారత్తయ్యా? ఎక్కడా వేలు దూరే సందు లేదు. పిల్లని దగ్గరగా చూసి కొన్నదిది."

పిచ్చుక అద్దంలో చూసుకుంటూ అంది, "స్కూలు గేటు దగ్గర ఒకాయన రోజూ నవ్వుతాడుగా. నా పక్కన నిలబడి నేను ఆయనకి ఎక్కడిదాకా వస్తానో చూసుకున్నాడు."

ఆ రోజునుంచి పిచ్చుకను బడికి పంపలేదు. ఒంట్లో బాగోలేదని చెప్పారు. బాగుపడాలని సంఘం ఇంకో ప్రార్థన ఎత్తింది.

నాలుగో కొవ్వొత్తి రోజున ఇంట్లో ఉండిపోదామా అని ఆలోచించారు. ఇంట్లో ముగ్గురు, నూనె వేసిన గడియ. మందిరంలో అంతమంది మనుషులు. వెళ్లడమే నయమనుకున్నారు. చలికాలం పొద్దు త్వరగా వాలిపోయి వీధి అప్పటికే మసకగా ఉంది. పైన గది వెచ్చగా, జనంతో కిక్కిరిసి ఉంది. నాలుగు కొవ్వొత్తులూ వెలుగుతున్నాయి. రమ్ము ప్రభువా రమ్ము అని అందరూ గొంతెత్తి పాడుతుండగా కింద ఇనప మెట్లు మోగాయి. ఆలస్యమైనవాళ్లు గబగబా ఎక్కుతారు. ఈ అడుగులకు తొందర లేదు. ఒక్కో మెట్టు మీద నిలబడి, పాట విని, మళ్లీ ఎక్కుతున్నట్టుగా వచ్చాయి.

తలుపు తెరుచుకుంది. తెల్ల చొక్కా, నున్నగా గీసుకున్న గడ్డం, చేతులు జోడించుకుని అతను నిలబడ్డాడు.

ఆ గదిలో లేచిన కేక వింటే చచ్చినవాళ్లు లేచి కూర్చుంటారు. మగవాళ్లు వాటేసుకున్నారు, ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు, లారీ తమ్ముడైతే చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కాజాలత్త కొడుకునే చూస్తోంది. చిక్కిపోయాడు. నుదుటి మీద జుట్టు రాలిపోయింది. ఎవరు వండిపెట్టారో, తిన్నాడో లేదో. చెయ్యి దానంతట అదే లేవబోయింది. చూడండి తల్లి బుద్ధి, ఇల్లు కాలుతున్నా మంటల్లో బిడ్డ చెయ్యి వెతుక్కుంటుంది.

అతను కొవ్వొత్తుల ముందు మోకరించాడు. తప్పిపోయానన్నాడు, మీ ప్రార్థనే నన్ను పట్టి లాక్కొచ్చిందన్నాడు. కన్నీళ్లు కూడా వచ్చాయి. తరువాత లేచి జనం వైపు తిరిగాడు.

"ఒక్క విన్నపం. నా భార్యనీ బిడ్డనీ ఇప్పుడే నాతో పంపండి. కింద కారు పెట్టుకుని వచ్చాను. అక్కడ ఇల్లు చూశాను. ఇన్నాళ్లకు కుటుంబంగా పండుగ చేసుకుంటాం. మీరందరూ ఆమేన్ అంటే చాలు."

ముందుఆమేను తాత ఆమేన్ అన్నాడు. వెనకే గదంతా అంది. ఆ ఆమేన్ ఇంకా గాల్లో ఉండగానే అతను పిచ్చుక వైపు చెయ్యి చాచి, "రా తల్లీ" అన్నాడు. గొంతు వెన్నలా ఉంది. పిల్ల తల్లి పక్కనుంచి లేచింది. పెద్దవాళ్లు పిలిస్తే వెళ్లాలని నేర్పిన పిల్ల. రెండడుగులు వేసింది.

"ఆగవే!"

కాజాలత్త లేచి నిలబడింది. కుర్చీ వెనక్కి పడిపోయింది.

"పాస్టరుగారూ, మొదటి కొవ్వొత్తి నాడు నేనొక ప్రార్థన ఎత్తాను. దాన్నిప్పుడు దించుతున్నాను."

"అదేంటత్తా, నీ కొడుకు వచ్చి ఎదురుగా నిలబడ్డాడుగా!"

"వచ్చింది ఒట్టి శరీరమే బాబూ. వాడు రాలేదు. ఎలా పోయినవాడు అలాగే ఉన్నాడు. నా కోడలి వేలికి సూది దిగితే చూసుకోవాలి కదమ్మా అన్నారు మీరంతా. అది దిగలేదు, వీడు దింపాడు. చెయ్యి పట్టుకుని, చక్రం తిప్పి, నవ్వుతూ దింపాడు. నేను చూశాను. పిల్లకి మాట వినే వయసొచ్చాక తీసుకుపోతానని చెప్పి మరీ పోయాడు. ఇన్నాళ్లూ కన్నపేగు నా నోరు కట్టేసింది. పిల్లని పంపను. ఈ ప్రార్థనకి నేను ఆమేన్ అనను."

దిండ్లు తెచ్చిన ఆవిడ మెల్లగా అంది, "పాతవి తవ్వుకోవడం ఎందుకు వదినా? పశ్చాత్తాపపడ్డాడు. క్షమించాలి కదా మనం."

"నా వేలైతే ఈపాటికి క్షమించేదాన్ని వదినా. నా కోడలి వేలు నేనెట్లా క్షమిస్తాను?"

అందరూ కోడలి వైపు తిరిగారు. ఆవిడ ముందుకు నడిచి, పిచ్చుక భుజాలు పట్టుకుని తన వెనక్కి తిప్పుకుంది.

"అత్తయ్య చెప్పింది నిజమే. ఈయన రెండు వారాలుగా ఈ ఊళ్లోనే ఉన్నారు. ఒక్కరోజు కూడా వాళ్లమ్మని చూడటానికి రాలేదు. స్కూలు గేటు దగ్గర నిలబడ్డారు." అంతకంటే పెద్ద మాట ఆవిడ నోట ఆ సంఘం ఎన్నడూ వినలేదు.

లారీ తమ్ముడి మొహం పాలిపోయింది. వెళ్లి తలుపు ముందు నిలబడ్డాడు. ముందుఆమేను తాత కర్ర పట్టుకుని, సత్తువ లేని మోకాలి మీదే లేచాడు. "నా ఆమేన్ నాకిచ్చేయండి పాస్టరుగారూ. తొందరపడ్డాను" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్కరే లేచారు. కుర్చీలు జరిగాయి. చూస్తుండగానే అతనికీ పిల్లకీ మధ్య ఒక వరస మనుషులు నిలబడ్డారు.

అతను చుట్టూ చూసి, చిన్నగా నవ్వాడు. తిన్నగా తల్లి దగ్గరికి వచ్చి, అందరూ చూస్తుండగా ఆవిడను గుండెకు హత్తుకున్నాడు. చెవిలో అన్నాడు.

"బెదిరిపోకమ్మా. పిలిచారు గనక తలుపులోంచి వచ్చాను. ఇంకోసారి మీరు పిలవక్కర్లేదు."

ఆవిడ నెరిసిన జుట్టు సర్ది, లారీ తమ్ముడి పక్కనుంచి తప్పుకుని దిగిపోయాడు.

కారు కదిలిన చప్పుడు కోసం గదంతా చెవులు రిక్కించింది. చప్పుడు లేదు. పాస్టరుగారు కిటికీ దగ్గరికి వెళ్లి చూశారు. కారు కిందే ఉంది. లోపల మనిషి కూర్చుని ఉన్నాడు. "పోలీసులకు ఫోను చేస్తాను" అన్నారు, చేశారు కూడా. వస్తామన్నారట. వచ్చి ఏం చేస్తారు? కారులో కూర్చున్న మనిషిని ఎందుకు కూర్చున్నావని అడుగుతారు. ఇవాళ వెళ్లిపొమ్మంటారు. రేపు?

కాజాలత్త శాలువా తీసి కప్పుకుంది.

"ఎక్కడికత్తయ్యా?" కోడలు చెయ్యి పట్టుకుంది.

"వాడు ఎక్కడున్నాడో తెలియకనే కదే నీకు నిద్రలేదు. నాకు తెలిస్తే నీకు తెలిసినట్టే. వాడి పక్కన నేనుంటే, వాడు ఏ పొద్దున ఎటు బయలుదేరాడో పాస్టరమ్మగారికి ఫోను చేస్తాను, నీకు కబురు అందుతుంది."

"మీకేమన్నా అయితే?"

"నా వేళ్లు జీవితమంతా సూదిపోట్లు తిన్నవేలే. నువ్వు మాత్రం ఈ రాత్రే పిల్లని తీసుకుని పాస్టరమ్మగారింటికి వెళ్లు. తరవాత వాళ్లెక్కడికి పంపితే అక్కడికి పో. ఎక్కడికో నాకు చెప్పొద్దు. నా నోటి సంగతి నీకు తెలుసుగా."

కోడలు చెయ్యి వదల్లేదు. వేళ్లు ఒక్కొక్కటే విడదీసి, వాటిని పిచ్చుక చేతిలో పెట్టి, కాజాలత్త మెట్లు దిగింది. పైన కిటికీ నిండా మొహాలు. వీధిదీపం కింద కారు తలుపు తీసి, కొడుకు పక్క సీట్లో కూర్చుంది.

"పద."

"నిన్నెవరు రమ్మన్నారమ్మా?"

"నిన్నెవరు రమ్మన్నారు? నేనే కదా. ఇప్పుడు నేనొస్తున్నా. తల్లిని రోడ్డు మీదకి తోసేస్తావో, తీసుకెళ్తావో, పైనుంచి అంతమంది చూస్తున్నారు, నీ ఇష్టం."

అతను పైకి చూశాడు. తల్లి వైపు చూశాడు. నవ్వు పెదాల మీదికి వచ్చింది. టక్కుమని తలుపులు బిగుసుకున్నాయి, కారు కదిలింది.

కాజాలత్త మాట్లాడటం మొదలుపెట్టింది. భయం వేసినప్పుడు ఆవిడకు తెలిసిన పని అదే, పైగా అతను వింటున్నంతసేపూ పిల్ల ఇంకాస్త దూరం పోతుంది. చిన్నప్పుడు అతనికి వచ్చిన జ్వరం గురించి, కొరికి పారేసిన పలకపుల్లల గురించి, వాళ్ల నాన్న మొదటి మిషను భుజాన మోసుకొచ్చిన రోజు గురించి చెప్పింది. దుకాణాల దీపాలు అయిపోయాయి, ఇళ్ల దీపాలు పలచబడ్డాయి, రోడ్డు పక్కన పొగమంచు తప్ప ఏమీ లేకుండా పోయింది. పక్క అద్దంలో ఎక్కడో దూరాన రెండు దీపాలు వెనకే వస్తున్నాయి. లారీవో, ఇంకెవరివో, ఆ కళ్లకు తెలియలేదు. అతను రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా నడిపాడు.

"ఇల్లు చూశానన్నావు, ఇంకెంత దూరంరా?"

కారు నెమ్మదించి, రోడ్డు దిగి ఆగింది. అతను ఇంజను ఆపాడు.

"వచ్చేశామమ్మా" అన్నాడు, చాలా మెత్తగా.

చుట్టూ ఒక్క ఇల్లు లేదు. వెనక దీపాలు ఆగాయో, ఆరిపోయాయో, అద్దం నల్లగా ఉంది. కాజాలత్త శాలువా మెడచుట్టూ బిగించుకుని, కొడుకు వైపు పూర్తిగా తిరిగి కూర్చుంది.

"సరే నాయనా. ఇంకా సగం కూడా చెప్పలేదు, విను" అంది.